మీకు తెలుసా? ముందు విను, తర్వాత విప్పు

రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది దసరా. వందడుగులు దాటిన రావణుడి బొమ్మ మైదానంలో లేస్తే చూడ్డానికి ఊరు ఊరంతా కదిలొస్తుంది. కాలనీకి ఆ పేరు తెచ్చింది మాత్రం వ్యాగన్ రిపేర్ షాప్. గూడ్సు బండి పెట్టెలను విప్పి, బాగుచేసి, మళ్లీ పట్టాలెక్కించే రైల్వే కార్ఖానా అది. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంటే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు చేరాయి. మాదీ అందులో ఒకటి.

మా నాన్న ఫిట్టర్. ఇంట్లో ఫ్యాను ఆగినా, మిక్సీ మొరాయించినా ఆయన వెంటనే పానా అందుకునేవారు కాదు. దగ్గరికెళ్లి కాసేపు చెవి పెట్టేవారు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని తొందరపడితే "ముందు ఇను తల్లీ, తర్వాత ఇప్పు" అనేవారు.

హోమ్ థియేటర్ విషయంలో ఇంతకు మించిన సలహా నాకు ఇప్పటిదాకా దొరకలేదు. పెట్టెకు ఏ జబ్బు చేసినా దాని పేరు అదే చెబుతుంది. గుయ్‌మంటే ఒకటి, గరగరలాడితే ఒకటి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడినట్టుంటే మరొకటి. ఆ భాష పట్టుబడితే సగం రిపేర్లు రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లోనే తేలిపోతాయి. ఆ భాషలో కొన్ని మాటలు ఇవిగో.

చక్రం కంగుమంటే క్షేమం

రైలు ఆగినప్పుడు ఒక మనిషి పొడుగు కర్ర సుత్తితో చక్రాలను కొట్టుకుంటూ పోవడం పాత తరం వాళ్లు చూసే ఉంటారు. పగులు లేని చక్రం గుడిగంటలా కంగుమంటుంది. పగులుంటే మోగీ మోగనట్టు మొద్దుగా పలుకుతుంది. ఇప్పుడు కార్ఖానాల్లో ఇరుసుల లోపలి పగుళ్లను అల్ట్రాసోనిక్ యంత్రంతో పట్టుకుంటున్నారు. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకానే వినగలదు. ఆ యంత్రం పంపే ధ్వని సెకనుకు లక్షల సార్లు కంపిస్తుంది. పగులు తగిలితే వెనక్కి ప్రతిధ్వని వస్తుంది. సుత్తి పోయి యంత్రం వచ్చినా, శబ్దాన్ని అడిగి జబ్బు తెలుసుకునే పద్ధతి మాత్రం అలాగే ఉంది.

స్పీకర్లకూ ఇలాంటి సుత్తి ఒకటుంది. చాలా రిసీవర్ల (స్పీకర్లను నడిపే యాంప్ పెట్టెల) మెనూలో 'టెస్ట్ టోన్' అని కనిపిస్తుంది. నొక్కితే ఒక్కో స్పీకర్ నుంచీ వరసగా బుస్సుమనే ఒకే రకం చప్పుడు వస్తుంది. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, కళ్లు మూసుకుని వినండి. ఏది మూగది, ఏది నీరసంగా ఉంది, ఏది తప్పు దిక్కు నుంచి పలుకుతోంది, ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

ఆరు దారుల లెక్క తెలుగు తెరకు కొత్త కాదు

కృష్ణ 'సింహాసనం' 1986లో వచ్చింది. తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో. ఇంట్లోని 5.1 సెట్టుకూ దారులు ఆరే. అయితే పంపకం వేరు. 1955లో అమెరికాలో మొదలైన 70 ఎంఎం పద్ధతిలో అయిదు ట్రాకులు తెర వెనకకు, ఒకటి హాలుకు. ఇంటి 5.1లో మూడు ముందు, రెండు పక్కలకో వెనకకో, ఆరోది బేసుకు. చుక్క తర్వాతి ఆ ఒకటి 120 హెర్ట్జ్ లోపు గంభీర ధ్వనులనే మోస్తుంది కాబట్టి దాన్ని పూర్తి దారిగా లెక్కకట్టలేదు.

ఏ దారిలో ఏం రావాలో తెలిస్తే ఏది రావడం లేదో చెప్పగలం. వెనక స్పీకర్లు మూగబోయాయని కంగారు పడేవాళ్లలో చాలామంది చూస్తున్నది రెండు దారుల్లో రికార్డయిన పాత సినిమా. అందులో వెనకకు పంపిన శబ్దమే లేదు. 5.1 అని రాసి ఉన్న సినిమా పెట్టి చూశాకే స్పీకర్‌ను అనుమానించండి.

వైర్ల జాగా మారిస్తే దొంగ దొరుకుతాడు

ఎడమ స్పీకర్ పలకడం లేదు. తప్పు స్పీకర్‌దా, వైరుదా, యాంప్లిఫయర్‌దా? పవర్ ఆపి, ప్లగ్గు పీకి, యాంప్ వెనక కుడి ఎడమ వైర్లను ఒకదాని జాగాలో ఒకటి పెట్టండి. ఇప్పుడు కుడి స్పీకర్ మూగబోతే తప్పు యాంప్ వైపు. ఎడమదే ఇంకా మూగగా ఉంటే తప్పు ఆ వైరులోనో స్పీకర్‌లోనో ఉంది. అప్పుడు ఆ స్పీకర్‌కు రెండో వైరు తగిలించి చూడండి, ఆ రెండింట్లో ఏదో తేలిపోతుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. మళ్లీ చెడితే కథ మొదటికొస్తుంది.

ఒకటిన్నర వోల్టు సెల్లు చెప్పే రహస్యం

మా క్వార్టర్‌లోకి మొదటి 5.1 సెట్టు వచ్చినరోజు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. అమ్మిన షాపు కుర్రాడు వచ్చి వైర్లన్నీ బిగించి వెళ్లాడు. పాట మోగుతోంది, మాట వినిపిస్తోంది, డప్పు మాత్రం పలచగా ఉంది. వాల్యూం ఎంత పెంచినా పాట గాలిలో తేలుతోందే తప్ప గుండెకు తగలడం లేదు. నాన్న రెండు స్పీకర్ల మధ్య చేరి తలను అటూ ఇటూ జరుపుతూ విన్నారు. తర్వాత టార్చిలోంచి ఒక సెల్లు తీశారు. స్పీకర్ వైర్లను యాంప్ నుంచి ఊడదీసి, ఎర్ర చార ఉన్న వైరును సెల్లు ప్లస్‌కు, రెండోదాన్ని మైనస్‌కు ఒక్క క్షణం తాకించారు. స్పీకర్ టప్పుమంది. పేపర్ కోన్ ముందుకు ఉబికింది. రెండో స్పీకర్‌కూ అలాగే తాకించారు. ఈసారి కోన్ లోపలికి కుంగింది.

ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. గాలిని ఇద్దరూ ఒకే వైపు తోయాల్సిన చోట ఎదురెదురుగా పెనుగులాడుతున్నారు. బేసు అలలు పొడవైనవి కాబట్టి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. నాన్న రెండో స్పీకర్ వెనక ఎర్ర, నల్ల టెర్మినళ్ల దగ్గర వైర్లు తిరగేసి పెట్టారు. గోడకున్న క్యాలెండర్ అదిరింది.

స్పీకర్‌ను సెల్లుతో పరీక్షించేటప్పుడు యాంప్ తగిలి ఉండకూడదు, తాకింపు క్షణం మించకూడదు. సబ్‌వూఫర్ వెనక 0, 180 అని రాసి ఉన్న చిన్న స్విచ్చు ఉంటే దాని పనీ ఇదే. రెండు వైపులా నొక్కి చూసి, బేసు ఎక్కువగా వినిపించే వైపే ఉంచండి.

గుయ్‌మనే చప్పుడు కరెంటుదే

మన దేశంలో ఇంటి కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. స్పీకర్‌లోంచి పాట లేకపోయినా ఆగకుండా వచ్చే గుయ్యిలో చాలాసార్లు ఈ 50, దాని రెట్టింపు 100 హెర్ట్జ్‌లే ఉంటాయి. పట్టుకునే పద్ధతి ఇది. యాంప్‌కు వెనక ఉన్న తీగలన్నీ ఊడదీసి, పవర్ తీగ, స్పీకర్లు మాత్రం ఉంచి ఆన్ చేయండి. అప్పుడూ గుయ్‌మంటే లోపం పెట్టె లోపలే, ముఖ్యంగా పాతబడిన ఫిల్టర్ కెపాసిటర్లలో ఉండొచ్చు. నిశ్శబ్దంగా ఉంటే ఒక్కో తీగనే మళ్లీ తగిలించుకుంటూ రండి. ఏది తగిలించగానే గుయ్యి మొదలైందో అదే దొంగ.

చాలా ఇళ్లలో ఆ దొంగ కేబుల్ టీవీ తీగే. దాని ఎర్తు బయటెక్కడో, మీ ప్లగ్గు ఎర్తు ఇంకెక్కడో. రెండు చోట్ల నేలను తాకిన తీగల మధ్య చిన్న కరెంటు చుట్టూ తిరుగుతుంది. దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. టీవీ, యాంప్, సెట్‌టాప్ బాక్స్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే టీవీకీ యాంప్‌కూ మధ్య ఆప్టికల్ కేబుల్ వేయండి. అందులో నడిచేది వెలుగు. లోహపు తీగ లేదు కాబట్టి లూప్ అక్కడే తెగిపోతుంది.

మూడో పిన్ను మీద చేయి వేయకండి

గుయ్యి పోవాలంటే ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేయమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి వినకండి. మన ప్లగ్గులో ఆ పిన్ను మిగతా రెండింటికంటే లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో గమనించారా? పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అదే తగలాలి, పీకేటప్పుడు అన్నిటికంటే చివర అదే వదలాలి. లోపల ఎక్కడైనా వైరు తెగి ఇనుప పెట్టెకు తగిలితే ఆ కరెంటు మన ఒంట్లోంచి పోకుండా భూమిలోకి దారి చూపించేది ఆ పిన్నే. చప్పుడు పోగొట్టుకోడానికి వంద దారులున్నాయి. ప్రాణానికి కాపలా అదే.

ఫోన్ మోగకముందే స్పీకర్ మోగితే

టిటిటిట్, టిటిటిట్ అని స్పీకర్ గొణిగిన రెండు సెకన్లకు ఫోన్ మోగడం మీ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా? జీఎస్ఎం 2జీ ఫోన్ సిగ్నల్‌ను ధారగా కాక తునకలుగా పంపుతుంది, సెకనుకు సుమారు 217 సార్లు. ఆ తునకలను యాంప్‌లోని వైర్లు ఏంటెన్నాలా పట్టేసుకుంటాయి. 217 హెర్ట్జ్ మన చెవికి హాయిగా వినబడే స్వరం కాబట్టి అదే గొణుగుడుగా బయటికొస్తుంది. పెట్టె చెడిపోలేదు. ఆ ఫోన్‌ను రెండు మూడు అడుగులు అవతల పెడితే చాలు.

పాటకు దద్దరిల్లి, మాటకు మూగబోతే

ఫైటు వస్తే కిటికీలు అదురుతాయి, మాటలు వస్తే ఒక్క ముక్క అర్థం కాదు. రిమోట్ చేతిలోంచి కదలదు. ఎక్కువ మంది చెప్పే ఫిర్యాదు ఇదే. 5.1 సినిమాలో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్‌లోంచే రావాలి. టెస్ట్ టోన్‌తో ముందు అది పలుకుతోందో లేదో చూడండి. పలుకుతుంటే మెనూలో దాని స్థాయిని 2, 3 డెసిబెళ్లు పెంచండి. స్పీకర్‌ను టీవీ బల్ల లోపలికి తోయకుండా అంచు దాకా లాగి, ముందు కింద ఒక చిన్న చెక్కముక్క పెట్టి మీ చెవుల వైపు చూసేలా ఎత్తండి. ఈ చెక్కముక్క ఒక్కటే మాటను ఎంత తేటపరుస్తుందో చేసి చూస్తేగానీ నమ్మలేరు.

వెనక స్పీకర్లూ, మధ్యదీ ఏవీ లేకుండా టీవీ సొంత స్పీకర్లతోనే చూస్తుంటే, సినిమా చూసే యాప్ సెట్టింగుల్లో ఆడియోను 5.1 నుంచి స్టీరియోకు మార్చండి. రాత్రిపూట 'నైట్ మోడ్' పెట్టుకోండి. అది పెద్ద శబ్దాలను అణచి, చిన్న శబ్దాలను పైకి తెస్తుంది. పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నా మాట మీకు అందుతుంది.

ఏ రంధ్రంలో పెట్టాలో రాసే ఉంటుంది

టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు నాలుగు ఉన్నా, శబ్దాన్ని సౌండ్‌బార్‌కో రిసీవర్‌కో తిరిగి పంపగలిగేది మామూలుగా ఒక్కటే. దాని పక్కన ఏఆర్‌సీ అని ఉంటుంది. ఈ సదుపాయం 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. 2017 నాటి 2.1తో ఈఏఆర్‌సీ వచ్చి, కుదించని పూర్తి శబ్దాన్నీ మోయగలిగింది. కొత్త సౌండ్‌బార్ మూగగా ఉందంటే మూడే చూడాలి. కేబుల్ ఆ పోర్టులోనే ఉందా, టీవీ మెనూలో సీఈసీ (పరికరాలు ఒకదాన్నొకటి నడిపించే సెట్టింగ్) ఆన్ అయి ఉందా, ఆడియో అవుట్‌పుట్ టీవీ స్పీకర్ల నుంచి బయటికి మార్చారా. మూడూ సరిగ్గా ఉన్నా పలకకపోతే అన్నిటి ప్లగ్గులూ పీకి, రెండు నిమిషాలు ఆగి, ముందు టీవీని, తర్వాత మిగతావాటిని ఆన్ చేయండి. ఒకదాన్నొకటి మళ్లీ కొత్తగా పలకరించుకుంటాయి.

రావణుడు నేర్పే పాఠం

దసరా రాత్రి మైదానానికి కొంచెం దూరంగా, ఏ డాబా మీదనుంచో చూడండి. రావణుడి తలల్లో మెరుపు ముందు కనిపిస్తుంది, ఢామ్మనే చప్పుడు తర్వాత వస్తుంది. 20 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు నడుస్తుంది. 340 మీటర్ల దూరంలో ఉంటే మెరుపుకూ మోతకూ మధ్య దాదాపు ఒక సెకను తేడా. చిన్నప్పుడు మేం మెరుపు చూడగానే వేళ్లు మడిచేవాళ్లం, మోత వచ్చేలోపు ఎన్ని మడిచామోనని.

పుట్టినప్పటి నుంచీ మన మెదడు చూసింది ఇదే, వెలుగు ముందు, శబ్దం వెనక. అందుకే టీవీలో శబ్దం ఆలస్యమైతే సర్దుకుపోతాం, ముందొస్తే మాత్రం ఇట్టే పట్టేస్తాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసులో ఈ హద్దులు అంకెల్లో ఉన్నాయి. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే జనం గుర్తిస్తారు, వెనకబడితే 125 దాకా గుర్తించరు.

కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఆ లోపు శబ్దం ముందే బయటపడి, పెదవి కదలకముందే మాట వినిపిస్తుంది. దీనికి మందు రిసీవర్‌లోని 'ఆడియో డిలే' లేదా 'లిప్ సింక్'. శబ్దాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ పోండి. చప్పట్లు కొట్టే సీన్ పెట్టుకుంటే అరచేతులు కలిసిన క్షణం దగ్గర సులభంగా ఆపొచ్చు. బ్లూటూత్ స్పీకర్‌తో సమస్య తిరగబడుతుంది, శబ్దమే వెనకబడుతుంది. సినిమాకు తీగే మేలు.

మీ గదికీ ఒక స్వరం ఉంది

పది అడుగుల గదిలో గోడకూ గోడకూ మధ్య 56 హెర్ట్జ్ ధ్వని ఊయలలా ఊగుతుంది. పన్నెండు అడుగులైతే 47. ఆ స్వరం పాటలో వచ్చినప్పుడల్లా గది తానూ గొంతు కలిపి బొంయ్‌మంటుంది. ఒక చోట కూర్చుంటే బేసు ముంచెత్తుతుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది. గది వెడల్పూ ఎత్తూ రెండూ పది అడుగులే అయితే రెండు ఊయలలూ ఒకే స్వరానికి ఊగి మోత ఇంకా పెరుగుతుంది. వూఫర్ పగిలిందనుకుని షాపుకు మోసుకెళ్లేవాళ్లలో కొందరి జబ్బు నిజానికి గదిది.

దీనికి చవకైన మందు ఉంది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా దగ్గర పెట్టి, బేసు నిండుగా ఉన్న పాట ఒకటి నడిపించండి. మీరు గది అంచుల వెంట నేలకు చెవి దగ్గరగా పాకుతూ వినండి. బేసు మొద్దుగా కాకుండా ఒక్కో దెబ్బా విడివిడిగా, బిగువుగా వినిపించిన చోటే దాని అసలు జాగా. పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పజెప్పండి, సరదాగా చేస్తారు.

బొంత పరిస్తే మాట తేటపడుతుంది

గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట గట్టిగా కొట్టండి. వెంటనే ట్ర్‌ర్‌ర్‌మని సన్నగా మోగిందా? ఎదురెదురు గోడల మధ్య ధ్వని బంతిలా ఎగిరెగిరి పడుతోందని అర్థం. నున్నటి టైల్సు, బోసి గోడలు, అద్దాల షోకేసు ఉన్న గదిలో ఏ స్పీకర్ పెట్టినా మాట కీచుమంటుంది. నేల మీద అమ్మమ్మ కుట్టిన పాతచీరల బొంత పరవండి, కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి, ఎదురు గోడకు పుస్తకాల అర పెట్టండి. మళ్లీ చప్పట కొట్టి చూడండి. పొడిగా, ఒక్క దెబ్బలా వినిపిస్తే మాట తేటపడినట్టే. అయితే 50 హెర్ట్జ్ బేసు మాత్రం బొంతకు లొంగదు. దాని అల దాదాపు 7 మీటర్ల పొడుగు.

అట్మాస్‌కు మీ ఇంటి కప్పు కూడా ఒక స్పీకరే

డాల్బీ అట్మాస్ 2012లో థియేటర్లకు వచ్చింది. ఇంట్లో దాని వాన, హెలికాప్టర్ తల మీద వినిపించాలంటే కప్పుకు స్పీకర్లు బిగించాలి. లేదంటే పైకి చూసే స్పీకర్లు పెట్టి, శబ్దం కప్పుకు తగిలి కిందికొచ్చేలా చేయాలి. ఈ రెండో పద్ధతికి కప్పు చదునుగా, గట్టిగా ఉండాలి. ఎత్తు 7.5 నుంచి 12 అడుగుల మధ్య ఉంటే మంచిది. పాత క్వార్టర్ల సిమెంటు శ్లాబు దీనికి చక్కగా సరిపోతుంది. ఏటవాలు రేకుల ఇంట్లోనో, శబ్దాన్ని పీల్చే ఫాల్స్ సీలింగ్ కిందనో ఆ డబ్బు వృథా.

ఒక్క వెంట్రుకంత తీగ చాలు

యాంప్ ఆన్ కాగానే టప్పుమని ఆగిపోయి 'ప్రొటెక్ట్' అని చూపిస్తోందా? ముందు వెనక వైపు టార్చి వేసి చూడండి. స్పీకర్ వైరు చివర్లో ఒక్క రాగిపోగు విడిపోయి పక్క టెర్మినల్‌ను తాకినా షార్టవుతుంది. యాంప్ తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. సెంటీమీటర్ మించకుండా తొడుగు ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలేసి బిగించండి. 8 ఓములకు చేసిన యాంప్‌కు 4 ఓముల స్పీకర్లు తగిలించినా రెట్టింపు కరెంటు లాగి, వేడెక్కి ఇలాగే ఆగుతుంది. ఓముల సంఖ్య స్పీకర్ వెనక చీటీ మీదే ఉంటుంది.

వైరు సన్నదైతే ఇంకో తంటా. 10 మీటర్ల దూరానికి రానూపోనూ 20 మీటర్ల రాగి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరులో నిరోధం పావు ఓము కూడా ఉండదు. అర చదరపు మిల్లీమీటర్‌దైతే దానికి మూడు రెట్లు. వెనక స్పీకర్లు నీరసంగా పలకడానికి కొన్నిసార్లు కారణం ఇదే.

మే నెల ఎండ పెట్టెకూ తగులుతుంది

రాయ్‌పూర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరువగా పోతుంది. యాంప్ లోపల కరెంటును సాపు చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల లెక్క. తలుపులు మూసిన షోకేసులో, పైన గుడ్డ, దానిపైన పూలకుండీ పెట్టి యాంప్‌ను ఉంచామంటే దాన్ని నెమ్మదిగా ఉడికిస్తున్నట్టే. నాలుగు వైపులా జానెడు ఖాళీ వదలండి. కెపాసిటర్ పైభాగం పూరీలా ఉబ్బితే దాని పని అయిపోయినట్టే. దాన్ని మార్చే పని మెకానిక్‌కే వదిలేయండి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అందులో కరెంటు నిలవ ఉంటుంది.

గరగర రెండు రకాలు

వాల్యూం తిప్పుతున్నప్పుడే గరగరలాడి, వదిలేయగానే ఆగితే అది నాబ్ లోపలి కార్బన్ పట్టీ మీద చేరిన దుమ్ము. పవర్ ఆపి, నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై ముప్ఫై సార్లు తిప్పండి. తగ్గకపోతే మెకానిక్ చేత కాంటాక్ట్ క్లీనర్ కొట్టించండి.

వాల్యూంతో సంబంధం లేకుండా బేసు వచ్చినప్పుడల్లా గరగరలాడితే స్పీకర్‌నే చూడాలి. ఆఫ్ చేసి, అయిదు వేళ్లూ కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా కదిలితే సరే. కాగితం గీకినట్టు తగిలితే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటోంది. కోన్ చుట్టూ ఉన్న ఫోము ఏళ్లు గడిచేకొద్దీ అరిసె ముక్కలా పొడిపొడిగా రాలుతుంది. స్పీకర్ మొత్తం పారేయక్కర్లేదు. ఫోము ఒక్కటే మార్చే చేతులు ఇంకా ఉన్నాయి.

వాట్లు ఎన్నో, మోత ఎంతో

పెట్టె మీద వేల వాట్ల పీఎంపీఓ అని మెరుపు అక్షరాలతో రాసిన కాలం గుర్తుందా? ఆ కొలతకు ఒక నిర్ణీత ప్రమాణమే లేదు. నమ్మాల్సింది నిలకడగా ఇవ్వగలిగే ఆర్‌ఎంఎస్ వాట్లను. పెట్టె వెనక కరెంటు ఎన్ని వాట్లు లాగుతుందో రాసి ఉంటుంది. 60 వాట్లు తీసుకునే పెట్టె 3,000 వాట్లు నిలకడగా ఎక్కడినుంచి ఇస్తుంది?

ఇంకో సంగతి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. 20 వాట్ల యాంప్ తీసేసి 40ది కొంటే తేడా కొంచెమే. చిన్న యాంప్‌ను చివరంటా తిప్పి మోగించడం మాత్రం ప్రమాదం. అలల తలలు తెగిపోయి, చీదరగా మారిన ఆ శబ్దమే సన్నటి స్వరాలు పలికే ట్వీటర్‌ను కాల్చేస్తుంది.

గోడకు అవతల కూడా చెవులుంటాయి

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో హద్దు పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. రైల్వే క్వార్టర్లలో ఇంటికీ ఇంటికీ మధ్య ఉండేది ఒక్క గోడే. నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లు మధ్యాహ్నం పూట నిద్రపోతుంటారు. బేసు గోడల్లోంచి, నేల్లోంచి పాకిపోతుంది కాబట్టి సబ్‌వూఫర్‌ను ఉమ్మడి గోడకు దూరంగా జరపండి. కింద మందపాటి రబ్బరు ముక్కలు వేయండి. పాట మీది, నిద్ర వాళ్లది. రెండూ ఉండాలి.

అన్ని వైర్లూ చూశాక చూడాల్సింది

వయసు మీదపడుతుంటే చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి స్వరాలను. డప్పు మోత, రైలు రొద, మగగొంతు అన్నీ బాగానే వినిపిస్తాయి. స, ష, త, ఫ లాంటి అక్షరాల పదును మాత్రం ఆ సన్నటి స్వరాల్లోనే ఉంటుంది. అవి జారిపోతే మాట వినిపిస్తుంది గానీ అర్థం కాదు. ఎదుటివాళ్లు గొణుగుతున్నారనిపిస్తుంది, టీవీ చెడిపోయిందనిపిస్తుంది.

కిందటేడు నాన్న ఫోన్ చేసి "మాటలు ఇనబడ్డం నేదు తల్లీ, మధ్య స్పీకర్ పోయినట్టుంది" అన్నారు. రాయ్‌పూర్ వెళ్లాను. టెస్ట్ టోన్ పెట్టాను, ఆరూ పలికాయి. వైర్ల జాగాలు మార్చాను. సెల్లు తాకించాను. కోన్ నొక్కి చూశాను. స్పీకర్ కింద చెక్కముక్క కూడా పెట్టాను. పెట్టెలో ఏ లోపమూ లేదు. చీకటి పడ్డాక ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. దూరంగా గూడ్సు బండి కదిలిన చప్పుడు విని "యాభై పెట్టెలు పైనే ఉంటాయి" అన్నారు, ఎప్పటిలాగే. ముందు చెట్ల కింద కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

"ఎంత గోల చేస్తున్నాయో చూడు నాన్నా" అన్నాను.

ఆయన తల కాస్త పక్కకు వంచి, చిన్నప్పటి నుంచీ నేను చూసిన ఆ పద్ధతిలోనే శ్రద్ధగా విన్నారు.

"ఏవి తల్లీ?" అన్నారు.

స్క్రూడ్రైవర్ లోపల పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరం చెవి పరీక్షకు బయల్దేరాం.